సంచులు కట్టండి

సెక్షన్ ఆఫీసర్ వెంకటస్వామి ఫోన్‌ను టేబుల్ మీద పెట్టి, తెర మీద వేలు ఆనించాడు.

ముందు గాలి చప్పుడు. దాని వెనక బురబురమని ఏవో అరుపులు. తర్వాత ఒక ముసలి గొంతు, ఏటికి అవతలున్న మనిషిని పిలుస్తున్నంత గట్టిగా.

“పెండ్లికొడుకులొచ్చినారు. మరవకాడ దిగినారు. అందురూ సంచులు కట్టండి. ఇంటింటికీ చెప్పండి.”

అంతే. గొంతు ఆగిపోయింది. పెనుకొండ అటవీ ఆఫీసులో ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలింది.

“ఎవరిదమ్మా ఈ గొంతు?”

అబద్ధమాడి లాభం లేదు. ఆ గొంతు గల మనిషి బయట వరండాలో గోడకానుకొని కూర్చుని ఉంది.

“మా అవ్వది సార్,” అంది మల్లిక.

“పెండ్లికొడుకులంటే?”

“బోదురుకప్పలు సార్. కొత్త వానకు పసుపురంగు తిరిగే మగవి. మా కొట్టాలలో అట్లే అంటారు.”

“సంచులు కట్టండి అంటే?”

మల్లిక నోరు తెరిచింది. జవాబు నాలుక చివరే ఉంది. ఆ ఒక్క జవాబు చెబితే అవ్వ ఇంటికొస్తుంది. కానీ లోపలికి రాకముందే అవ్వ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకొని ఒకే మాట చెప్పింది. “ఏమన్నా చెప్పుకో. సంచి మాట మాత్రం ఎత్తొద్దు.”

“తెలీదు సార్.”

“నాకు తెలుసులే.” వెంకటస్వామి కుర్చీలో వెనక్కు వాలాడు. ముఖంలో కోపం లేదు, అలసట ఉంది. “పొద్దున హిందూపురం రోడ్డులో వ్యాను ఆపినాము. లోపల గోనెసంచులు. అన్నిట్లో కప్పలే. అన్నిటికీ మూతి కట్టుండాది. ఈ మెసేజ్ ఆ డ్రైవర్ ఫోన్‌లోనే దొరికింది. మీ అవ్వ కట్టమనింది, వాండ్లు కట్టినారు. ఇంక దీంట్లో తెలీకపోయేదానికి ఏముంది?”

ముందురోజు మధ్యాహ్నం ధర్మవరంలో ఇదే మాట విన్నప్పుడు మల్లికకు నవ్వొచ్చింది.

ఆమె అక్కడ ఒక మగ్గాల ఇంట్లో పట్టు కండెలు చుడుతుంది. చేతులు ఖాళీ లేవు. ఫోన్ నేల మీదే పెట్టి మెసేజ్ నొక్కింది. అవ్వ గొంతు గదంతా మోగింది. మగ్గం ఇల్లాలు నాగలక్ష్మి తల తిప్పింది.

“ఎవరిదే పెండ్లి?”

“మా బంధువులదక్కా.”

“పెండ్లికొడుకు వచ్చి దిగినాక చెప్తాండావు! చీర మన దగ్గరే తీసుకోమని చెప్పలేకపోతివా?”

“వాళ్ళకు చీరలతో పనిలేదులేక్కా,” అని మల్లిక కండె వైపు తల వంచుకొని నవ్వు దాచుకుంది.

తాను మరవకొట్టాల మనిషినని ధర్మవరంలో ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ చుట్టుపక్కల పల్లెలవాళ్ళు కొట్టాలవాళ్ళను ‘కప్పలోళ్ళు’ అంటారు. ఆ పేరు తెలిస్తే ఆమె చుట్టిన పట్టును కూడా ముక్కు మూసుకొని ముట్టుకుంటారు.

పెనుకొండ దాటాక, చెరువు నిండినప్పుడు నీళ్ళు పొర్లిపోయే మరవ పక్కన, రైలుకట్ట కింద ఉన్నవి ఆ కొట్టాలు. గుట్టలో గడ్డలు తవ్వుకొని, చెరువులో కప్పలు పట్టుకొని బతికిన జనం. ఇప్పుడు కూలికి పోతారు, రేషన్ బియ్యం తింటారు. కప్పల కూరను మాత్రం మరిచిపోలేదు. అది వాళ్ళకు వానాకాలపు రుచి, బాలింతకు బలం, దగ్గు పట్టిన పిల్లలకు మందు.

కానీ దానికొక కట్టు ఉంది. కొత్త వానకు బోదురుకప్ప నిమ్మపండులా పసుపెక్కుతుంది. గొంతు కింద రెండు నీలి బుడగలు ఉబ్బుతాయి. చెరువంతా అరుపు. అది పెండ్లి. ఆ రోజుల్లో ఎవరూ పట్టరాదు. పసుపు దిగి, మళ్ళీ బురద రంగు వచ్చేదాకా ఆగాలి. పెండ్లికొడుకులు వచ్చారని కొట్టాలలో అందరికన్నా పెద్ద ఆడమనిషి చాటుతుంది. ఆ కేక వినగానే ప్రతి ఇంట్లోనూ కప్పలు పట్టే వలసంచి మూతికి తాడు బిగించి, ఖాళీగా వాసానికి వేలాడదీస్తారు. దాన్నే సంచి కట్టడం అంటారు. మళ్ళీ ఆమే విప్పమనాలి.

లోకానికి సంచి కట్టడమంటే నింపి మూట కట్టడం. మరవకొట్టాలకు మాత్రం పట్టొద్దని.

ఒకప్పుడు మల్లిక అవ్వ సోమక్క గుట్టెక్కి అరిచేది. మోకాళ్ళు పట్టేసినాక మల్లిక ఒక ఫోన్ కొనిచ్చి, కొట్టాలవాళ్ళందరినీ ఒక గ్రూపులో చేర్చింది. “ఈ బొమ్మ మీద వేలు పెట్టి మాట్లాడవ్వా, అందరికీ ఇనపడతాది,” అని నేర్పింది. ముసలామెకు అది గుట్ట కన్నా బాగా నచ్చింది.

ఆ గ్రూపులో బాలప్ప కూడా ఉన్నాడు.

బాలప్ప మల్లికకు మేనత్త కొడుకు. కొట్టాలలోనే పుట్టాడు. ఇప్పుడు హిందూపురంలో ఉంటాడు. ఏం పని అంటే ‘సప్లై’ అంటాడు. ఏం సప్లై అంటే నవ్వుతాడు. నిరుడు వానల్లో వచ్చినప్పుడు సోమక్క కాళ్ళ దగ్గర కూర్చుని వెటకారాలాడాడు.

“అవ్వా, పసుపు దిగినాక వాండేమవుతాడు?”

“సంసారి అవుతాడు.”

“సంసారి అయితే కూరొండుకోవచ్చు గదా?”

“ఒండుకోవచ్చు.”

“అందుకే నేను పెండ్లి చేసుకోలేదబ్బా! మల్లికా, నీ చేతికి చిక్కితే నేరుగా చట్టిలోకే పోతా.”

అందరూ నవ్వారు. సోమక్క కూడా నవ్వింది. తర్వాత అతను గొంతు తగ్గించి, “పసుపువే బెంగళూరోళ్ళకు ఇష్టమవ్వా, చూసేదానికి బాగుంటాయంట,” అన్నాడు. ఆమె నవ్వు అక్కడే ఆగిపోయింది.

“పెండ్లింట పీనుగ లేపుతామా రా? ఇంగొకసారి ఆ మాట ఈడ ఎత్తొద్దు.”

అతను మళ్ళీ ఎత్తలేదు. ఈసారి మెసేజ్ వినగానే నేరుగా వ్యాను పంపాడు. ఆ మెసేజ్‌ను డ్రైవర్‌కు పంపించి ఫోన్ ఆపేశాడు. పట్టొద్దని అవ్వ చాటిన చాటింపే, ఎప్పుడు ఎక్కడ పట్టాలో వాళ్ళకు దారి చూపింది. మరుసటి పొద్దున కొట్టాల నుంచి కుళ్ళాయమ్మ ఏడుస్తూ మల్లికకు ఫోన్ చేసింది. “మీ అవ్వను జీపులో ఎక్కించుకొని పోయినారు పాపా, నువ్వు బిన్నె రా.”

మల్లిక ఆఫీసు వరండాలోకి వచ్చింది. వేపచెట్టు కింద ప్లాస్టిక్ డ్రమ్ములు, వాటి మీద తడిగోనెలు. గార్డు చెంబుతో నీళ్ళు చల్లుతున్నాడు. డ్రమ్ములో నుంచి అప్పుడప్పుడు ఒక అరుపు వస్తోంది. జంట దొరకని అరుపు, సగంలోనే తెగిపోతోంది.

“రంగు దిగిపోతాంది,” అంది సోమక్క డ్రమ్ము వైపే చూస్తూ. “పెండ్లి కాకుండానే దిగిపోతాంది. ఇట్లాంటిది నేను పుట్టి చూడలా.”

“అవ్వా, నీ సంగతి చూసుకో ముందు. రేపు కోర్టుకు తీసుకుపోతారంట. ముఠాకు నువ్వే పెద్దదానివని రాస్తాండారు.”

“పెద్దదాన్నే గదా.”

“ఎగతాళి చెయ్యొద్దవ్వా! సంచి కట్టడమంటే ఏందో నేను చెప్తా. నువ్వు పట్టొద్దన్యావని చెప్తా. బాలప్ప బావ పేరు చెప్తా.”

“బాలప్ప పేరు చెప్పుకో. నేనే చెప్పినా. వాడు యాడుండాడో ఈ సార్లకు దొరకల్ల గదా. సంచి మాట ఎత్తితే మాత్రం నా మీద ఒట్టే.”

“ఎందుకవ్వా?”

సోమక్క కొంగుతో ముఖం తుడుచుకొని, “ఆ నడిమి డ్రమ్ములోవాటికి గాలాడ్తా లేదు. ఆయప్పకు చెప్పు, గోనె తియ్యమని,” అంది.

కోర్టు ఎదురుగా టీ అంగడి. లాయర్ భవాని నల్లకోటు చేతి మీద వేసుకొని నిలబడే టీ తాగుతూ అంతా వింది. మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. విన్నాక గ్లాసు బల్ల మీద పెట్టింది.

“పాపా, నువ్వు చెప్పింది నేను నమ్ముతాండా. కోర్టులో ఇది చెప్తే ఏమవుతుందో అది కూడా ఇను. సంచి కట్టడమంటే పట్టొద్దని అర్థం అంటావు. అప్పుడు అవతలాయన లేచి ఒక్కటే అడుగుతాడు. అయితే సంచి విప్పినప్పుడు ఏం చేస్తారమ్మా అని.”

భవాని ఆమె జవాబు కోసం ఆగలేదు.

“విప్పినప్పుడు పడతారు. తింటారు. అంతే కదా? కప్పను పట్టడం చట్టంలో నేరం. పసుపుదైనా, బురదరంగుదైనా. తాతల కాలం నుంచి తింటున్నాము అన్యావనుకో, తాతల కాలం నుంచి నేరం చేస్తున్నాము అని రాసుకుంటారు. మీ అవ్వ బయటికొస్తే రావచ్చు. కొట్టాలంతా లోపలికి పోవచ్చు.”

“చెప్పకపోతే?”

“ఆమె ఒక్కటే పోతుంది.” భవాని చూపు తిప్పుకుంది. “మీ అవ్వ ఇది నాకంటే ముందే ఆలోచించినట్టుండాది.”

మల్లిక టీ అంగడి దాటి నడిచింది. మూడో దారి ఏదో ఒకటి ఉండాలి. ఉందనిపించింది కూడా. ఉన్నట్టుండి ఆమె కళ్ళముందు వాసానికి వేలాడే సంచి కదిలింది.

నిరుడు సోమక్క సంచి విప్పమనలేదు. అంతకు ముందటేడు కూడా అనలేదు. అరుపు పల్చబడింది, ఈ యేడు వద్దు అంది. కొట్టాలవాళ్ళు గొణిగారు, పిల్లలు ఏడ్చారు, అయినా మాట నిలబడింది. ఈ యేడు ఆమె ఆనవాయితీగా కేక వేసేనాటికే ఆ సంచులు కట్టినవి కట్టినట్టే వేలాడుతున్నాయి. దుమ్ము పట్టాయి. సాలీళ్ళు గూళ్ళు కట్టాయి. మాటతో చెబితే నేరం ఒప్పుకున్నట్టు. కళ్ళతో చూపిస్తే? ఇదిగో సార్, ఎవరూ పట్టడం లేదు, చూడండి అంటే?

ఆమె పరుగులాంటి నడకతో అటవీ ఆఫీసుకు తిరిగొచ్చింది. అవ్వ ఉన్న వరండా వైపు పోకుండా పక్క గుమ్మంలో నుంచి లోపలికి పోయింది.

“సార్, ఒక్కసారి మా కొట్టాలకు రండి. సంచి కట్టడమంటే ఏందో చూపిస్తా.”

జీపు చెరువుకట్ట ఎక్కేలోగా, పెండ్లి రోజుల్లో పట్టరాదన్న కట్టు గురించి మల్లిక చెప్పేసింది. వెంకటస్వామి దారిపొడుగునా చెరువు వైపే చూస్తున్నాడు. నీళ్ళు కొంచెమే ఉన్నాయి. చుట్టూ బోర్లు, మొక్కజొన్న, మందు డబ్బాలు.

“నేను హిందూపురంలోనే పెరిగినా,” అన్నాడు ఎవరితోనో అన్నట్టు. “కొత్త వాన పడితే మా వీధిలో నిద్ర పట్టేది కాదు వీటి అరుపులకు. ఇప్పుడు వినాలంటే ఇంత దూరం రావాల. మీ అవ్వ కట్టు మంచిదే అనుకో పాపా. అది చెరువుకొక అరుపు ఉన్నప్పటి కట్టు. ఇప్పుడు ఈ చుట్టుపక్కల మిగిలింది ఈ ఒక్కటే. దీంట్లో ఇంటికింత పట్టుకున్నా ఏం మిగుల్తాది?”

“అందుకే సార్ అవ్వ విప్పొద్దనింది.”

“అదే నిజమైతే నాకూ సంతోషమే.”

ఆ మాట అతను మనసారా అన్నాడు. మల్లికకు ధైర్యం వచ్చింది.

మొదటి ఇల్లు సోమక్కదే. వాసానికి సంచి. జనపనారతో అల్లిన వల, మూతికి బిగించిన తాడు, ముడి మీద తెల్లగా సాలెగూడు. వెంకటస్వామి టార్చి వేసి చూశాడు. తల ఊపాడు. గార్డు ఫోటో తీశాడు. రెండో ఇల్లు. అక్కడా సంచి, దుమ్ము. ఆ పక్క ఇంట్లోనూ అదే. మల్లిక గొంతు పెరిగింది. “చూడండి సార్, ముట్టుకుంటే దుమ్ము రాల్తాంది. ఎవరూ దించలేదు. చూడండి!”

కొట్టాలవాళ్ళు గుమ్మాలలో నిలబడి చూస్తున్నారు. ఎవరి ముఖంలోనూ సంతోషం లేదని ఆమె గమనించలేదు.

కుళ్ళాయమ్మ తన గుమ్మానికి అడ్డం నిలబడింది.

“మా ఇంట్లో ఏమీ లేదు సార్. నేను ఒంటిదాన్ని.”

“ఒంటిదానివెట్లయితావు పిన్నమ్మా, పోతులయ్య చిన్నాయన ఉండాడు గదా,” అంది మల్లిక. “జరుగు, సార్ చూస్తారు. నీది కూడా కట్టే ఉంటాది గదా.”

కుళ్ళాయమ్మ జరగలేదు. మల్లికను చూసింది. ఆ చూపులో ఉన్నది భయం కాదు, బతిమాలడం. అప్పటికి ఆలస్యమైంది. గార్డు ఆమెను పక్కకు తప్పించి లోపలికి పోయాడు.

వాసానికి సంచి లేదు. మూలన కుండ వెనక ఉంది. తడిగా ఉంది. నారల నిండా జిగురు. మూతి తాడు తెగి ఉంది. దాని పక్కనే ఒక కొత్త నైలాను వల, ప్లాస్టిక్ కవరు కూడా పూర్తిగా విప్పలేదు. వెనక గోడ దగ్గర ముడుచుకొని కూర్చున్న కుళ్ళాయమ్మ మొగుడు పోతులయ్య లేచి నిలబడ్డాడు.

“బాలప్ప ఇచ్చినాడు సార్,” అన్నాడు తల దించుకొని. “వాండ్లు ఎట్లాగూ పట్టేస్తాండారు, నేను పట్టకపోతే ఆగుతాదా అనుకొంటి. తినేదానికి కాదు సార్. వ్యానుకే వేసినా.”

తినేదానికి కాదు అంటే తప్పు తగ్గుతుందనుకున్నాడు. కొట్టాలలో అట్లాగే అనుకుంటారు, ఆకలితో తినడమే చెప్పుకోలేని సంగతి అని. చట్టంలో అమ్మడం అంతకన్నా పెద్దదని అతనికి ఎవరూ చెప్పలేదు.

మల్లికకు అప్పుడు అర్థమైంది. అవ్వకు జీపు ఎక్కకముందే తెలుసు. కొట్టాలలో ఎవరి గుమ్మం ముందు తడి ఉందో అవ్వ చూడకుండా ఉంటుందా? సంచి మాట ఎత్తొద్దంది సంచులు దాచడానికి కాదు. ఒక్క సంచిని దాచడానికి.

వెంకటస్వామి బయటికొచ్చి జీపుకు ఆనుకున్నాడు.

“అన్నీ దించండి,” అన్నాడు గార్డుతో.

“సార్! మిగతావి కట్టినవే కదా సార్! సాలెగూళ్ళు మీరే చూసినారు కదా!”

“చూసినా. సాలెగూడుకు ఎన్నాళ్ళో నేను పంచనామాలో రాయలేనమ్మా. ఇంటింటా కప్పలు పట్టే వల దొరికింది అని మాత్రం రాయగలను. రాయకపోతే ఈ గార్డే పై వాళ్ళకు చెప్తాడు, చెప్పకపోతే వానికి తప్పు. ఒక ఇంట్లో తడిది దొరికినాక మిగతా ఇండ్లు నేను చూడలేదని ఎట్లనేది?” మల్లిక వైపు తిరిగాడు. “నువ్వు నన్ను ఈడికి పిలవకుండా ఉండాల్సింది.”

సంచులు ఒక్కొక్కటే వాసాల మీద నుంచి దిగాయి. దుమ్ము రాలింది. పట్టకుండా ఉన్నామనడానికి ఉన్న ఒకే సాక్ష్యం, పట్టేవాళ్ళనడానికి సాక్ష్యమై జీపు వెనక కుప్ప పడింది. పోతులయ్యను దాని పక్కనే కూర్చోబెట్టారు.

కుళ్ళాయమ్మ ఏడవలేదు. వచ్చి మల్లిక ఎదురుగా నిలబడింది.

“చెయ్యి పట్టుకొని తోడుకొనొస్తివి గదమ్మే సార్లను. నీకు ఫోన్ చేసినందుకు నా చెప్పు తీసి నేనే కొట్టుకోవల్ల.”

మరునాడు కోర్టులో సోమక్క పోతులయ్యను చూసింది. తర్వాత మల్లికను చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. రిమాండు అనగానే, అదేదో ఊరి పేరైనట్టు, “ఆడ చెరువుండాదా?” అని అడిగింది. అడ్వకేట్లు ఎవరో నవ్వారు.

కప్పలను వదిలిపెట్టడానికి అనుమతి కూడా అప్పుడే వచ్చింది. అప్పటికే డ్రమ్ముల్లో చాలా వరకు పైకి తేలాయి. వెంకటస్వామి కోర్టు మెట్ల దగ్గర సోమక్క ఎదుట ఆగాడు.

“అవ్వా, మిగిలినవాటిని ఎక్కడ వదలమంటావు?”

“యాడని ఏముంది నాయనా. పెండ్లి యాడ ఆగిపాయనో ఆడనే.”

అతను ఆ సాయంత్రమే స్వయంగా డ్రమ్ములు మోయించి మరవ దగ్గర వదిలాడు. అవి బురదలోకి జారిపోయాయి. ఒక్కదానికీ పసుపు లేదు. కాపలాకు మనిషిని పెట్టమని మల్లిక అడిగితే, “ఉండేది ఇద్దరు గార్డులు. చూసుకోవాల్సింది మూడు మండలాలు. నేను కోర్టుకు తిరగాల,” అన్నాడు. అది సాకు కాదని ఆమెకు తెలుసు.

మల్లిక ధర్మవరం పోలేదు. అవ్వ ఇంట్లోనే ఉండిపోయింది. కొట్టాలలో ఆమెతో ఎవరూ మాట్లాడరు. నీళ్ళకు పోతే బిందెలు పక్కకు జరుపుకుంటారు. కానీ వాళ్ళలో వాళ్ళు అనుకునేవి వినబడుతూనే ఉన్నాయి. “పట్టకపోయినా దొంగలే అన్యారు. ఇంగ పడితే ఏం పోయె?” అని ఒకరు. “కట్టేదానికి సంచి యాడుండాది, చెప్పేదానికి ముసల్ది యాడుండాది?” అని ఇంకొకరు. పోతులయ్య ఇంట్లో దొరికినలాంటి నైలాను వలలు ఎక్కడివో మరో రెండిళ్ళలోకి వచ్చాయి.

భవాని బెయిల్‌కు వేస్తూనే ఉంది. వాయిదా పడుతూనే ఉంది. ములాఖత్‌లో సోమక్క ఒక్కటే అడిగింది. “మళ్ళా వాన పడిందా?”

పడింది. ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మి, రామగిరి గుట్టల వైపు నుంచి వచ్చి, గంటసేపు కుండపోతగా కురిసి వెలిసింది. ఎండ తిరిగి కాస్తున్న వేళ మరవ దగ్గర ఒక అరుపు. ఆ వెంటనే ఇంకొకటి. మల్లిక గట్టు మీదికి పరుగెత్తింది.

ఎర్రటి నీళ్ళలో అక్కడక్కడా పసుపు. నిండు పసుపు. నీలి బుడగలు ఉబ్బుతున్నాయి. డ్రమ్ముల్లో చావకుండా మిగిలినవే. గుంపేమీ కాదు. ఒక చూపులో లెక్కకొచ్చేన్ని. అయినా వచ్చాయి.

ఎవరో ఒకరు చాటాలి. చాటకపోతే కట్టు లేనట్టే. కట్టు లేకపోతే ఆ రెండిళ్ళ వలలు ఈ సాయంత్రమే దిగుతాయి. చాటడానికి పెద్ద ఆడమనిషి లేదు. ఆమె మనవరాలు ఉంది.

మల్లిక ఫోన్ తీసి గ్రూపు తెరిచింది. బొమ్మ మీద వేలు పెట్టింది. పెండ్లికొడుకులు అన్న మాట ఇప్పుడు కేసు కాగితంలో ఉంది. సంచులు కట్టండి అన్న మాట కూడా ఉంది. ఆ మాటలే తన గొంతుతో ఇంకొకసారి బయటికి పోతే, రేపు ఆ టేబుల్ మీద మోగేది తన గొంతు. అవ్వను విడిపించే మనిషి కూడా ఉండదు.

ఆమె నోరు మూసుకుంది. ఫోన్‌ను నీళ్ళ వైపు చాపి పట్టుకుంది. అరుపులు విననీ. కొట్టాలవాళ్ళకు అర్థం చెప్పాల్సిన పనిలేదు. ఆ అరుపు వింటే చాలు, పుట్టినప్పటి నుంచి అలవాటైన చేతులు వాటంతటవే ఆగుతాయి.

కప్పలు అరిచాయి. అప్పుడే కట్ట మీద రైలు వచ్చింది. నేల అదిరింది. కప్పలు గప్‌చిప్‌గా ఆగిపోయాయి. రైలు పోయింది. ఒకటి గొంతు సవరించుకున్నట్టు అరిచింది, మిగతావి అందుకున్నాయి. మల్లిక వేలు తీసింది. మెసేజ్ పోయింది.

కాసేపు ఏమీ లేదు. తర్వాత తెర మీద ఒక చిన్న అక్షరాల వరుస. ఎవరో గ్రూపు వదిలి వెళ్ళిపోయారు. ఆ కింద ఇంకొకరు. పక్కింటివాళ్ళు. ఆ పక్కవాళ్ళు. కుళ్ళాయమ్మ. కేసు భయం ఇంటింటికీ పాకుతున్నట్టు ఒక్కో పేరూ రాలిపోయింది. వినకముందే కొందరు, విన్నాక కొందరు. మల్లిక గట్టు మీద నిలబడి చూస్తూనే ఉంది. గుడిసెల తలుపులు ఒక్కటీ తెరుచుకోలేదు.

చివరికి గ్రూపులో మిగిలినవి రెండే అనుకుంది. ఆమెది, అటవీ ఆఫీసు బీరువాలో ఉన్న అవ్వ ఫోనూ.

ఇంకొకటి ఉంది. ఆ రోజు నుంచి ఆగిపోయిన నంబరు. అది ఇక పలకదని ఆమె దాన్ని మరిచేపోయింది.

ఫోన్ చిన్నగా మోగింది. బాలప్ప.

“యాడ?”

మల్లిక మెసేజ్‌ను చెరపబోయింది. వేలు జారి రెండుసార్లు తప్పు చోట పడింది, మూడోసారి చెరిగింది. అది చెరిగిపోవడమూ, మరో ముక్క రావడమూ ఒక్కసారే జరిగాయి.

“చెప్పొద్దులే. రైలు ఇనపడె.”

ఆమె మరవ వైపు తిరిగింది. రెండు చేతులతో నీళ్ళు కొట్టింది. రాళ్ళు విసిరింది. “పోండి! పోండబ్బా, పోండి!” అని అరిచింది. కప్పలు ఒక క్షణం ఆగాయి, రైలుకు ఆగినట్టే.

తర్వాత మళ్ళీ అందుకున్నాయి, ఇంకా గట్టిగా.